పిచ్చుక కుండీలు

మార్చి 3

ఈ నోటుపుస్తకంలో మొదటి అరవై పేజీలు అక్క నీళ్ల లెక్క. రోజుకి ఎన్ని గ్లాసులు, పొద్దున బరువు ఎంత, డయాలసిస్‌కి ముందు ఎంత, తరవాత ఎంత. ఆ అరవై పేజీలకీ కలిపి ఒక రబ్బరు బ్యాండు వేశాను. మిగతావి ఖాళీగా ఉన్నాయి, పారేయడానికి మనసొప్పలేదు. లెక్క ఎక్కడా తప్పలేదు, ఆఖరి రోజుది కూడా. ఆ సంగతి ఇక్కడ రాసిపెట్టుకుంటే మళ్లీ తీసి చూసుకోనక్కర్లేదు.

అక్క పోయి ఆరు వారాలు. డాక్టరుగారు కిడ్నీలు అని మొదలుపెట్టి గుండె దగ్గర ముగించారు.

ఈ రోజు కుండీలకి పేర్లు పెట్టాం. ముప్ఫై ఆరు కుండీలు, ఆరు రకాల వరి, రకానికి ఆరు. ఐదు రకాలు ల్యాబ్‌లో మేం మార్చినవి, ఆరోది మామూలు వరి. పాత నంబర్లే ఉంచితే ఏది ఏదో కొలిచేవాళ్లకి తెలిసిపోతుందని, తెలిస్తే మనసు ఒక పక్కకి లాగుతుందని మా ల్యాబ్ నడిపే మేడమ్ పట్టు. అందుకని పిట్టల పేర్లు: కాకి, కొంగ, గువ్వ, గోరింక, చిలక, పిచ్చుక. చీట్లు తీసి పెట్టాను. ఏ పేరు ఏ రకమో రాసిన కాగితం కవరులో పెట్టి అంటించి మేడమ్‌కి ఇచ్చాను. కుండీలు కూడా కలగాపులగంగా సర్దాం, ఒక రకం అంతా ఒకే చోట ఉండకుండా.

రేకు ముక్కల మీద పేర్లు బావ చేత రాయించాను. బావ ముప్ఫై ఏళ్లు షాపులకి బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె మూలన పడింది. రెండేళ్ల కిందట నేనే మేడమ్‌ని అడిగి గ్రీన్‌హౌస్ పనిలో పెట్టించాను. మట్టి నింపడం, కుండీలు మోయడం, నీళ్లు పెట్టడం. చాలా రోజుల తరవాత కుంచె పట్టాడేమో, అక్షరాలు అచ్చు గుద్దినట్టు వచ్చాయి. పిచ్చుక దగ్గర మాత్రం చ ఒత్తుకి తోక కాస్త పొడుగు లాగాడు. ఆరింటికీ అలాగే. "ఎందుకు బావా?" అంటే "అందానికి" అన్నాడు.

అక్కని బావ పిచ్చుక అనేవాడు. నీళ్లు కూడా ముక్కుతో పొడిచినట్టు గుక్కెడు గుక్కెడు తాగేదని. ఆ పేరు చీట్లలో అలా పడింది. నేనేం చెయ్యను.

మార్చి 5

నీళ్లు ఆపేశాం. కుళాయి పైపు తీసి చుట్ట చుట్టి మేకుకి తగిలించాం.

మేడమ్ లెక్క తేటగా ఉంది. వీటిలో ఏదో ఒక రకం పద్దెనిమిది రోజులు చుక్క నీరు లేకుండా నిలబడితే, జూన్‌లో విత్తనం నలభై మంది మెట్ట రైతుల చేతికి వెళుతుంది. నా పోస్టు ఇంకో రెండేళ్లు ఉంటుంది. నిలబడకపోతే మే 31న బల్ల ఖాళీ చేసి ఇంటికి పోవడమే. ఆరేళ్ల చాకిరీ.

బావ అడిగాడు: "అసలు మీరు ఈ గింజలో ఏం మార్చారమ్మాయ్? ఇన్నేళ్లుగా వింటున్నాను, ఒక్క ముక్క ఎక్కలేదు."

చెప్పాను. మొక్క ఒంట్లో ప్రతి పనికీ ఒక ఆర్డరు ఉంటుంది. ఎండిపోయే రోజుల్లో ఆకు అడుగున ఉండే నోళ్లు మూసుకోమని ఒక ఆర్డరు. అయితే మామూలు రోజుల్లో ఆ ఆర్డరు చదవనివ్వకుండా చిన్న చీటీలు అడ్డం పడతాయి. చిన్న ఆర్‌ఎన్‌ఏలంటే అవే. ఇరవై ఒక్క అక్షరాలుంటాయి, అంతే. పోయి ఆ ఆర్డరుకి అతుక్కుంటాయి, ఆర్డరు చిరిగిపోతుంది. నీళ్లు తగ్గితే మొక్క ఆ చీటీలని తగ్గించుకుంటుంది. అప్పుడు ఆర్డరు బయటపడుతుంది, నోళ్లు మూసుకుంటాయి, ఉన్న నీళ్లు మిగులుతాయి. వరి ఆ పని ఆలస్యంగా చేస్తోంది. మేం ముందే ఆ చీటీలు తగ్గించి పెట్టాం.

"అంటే బోర్డు మీద సున్నం కొట్టినట్టు. రాత ఉంటుంది గానీ కనపడదు."

"అంతే అనుకో."

"మరి ఆ చీటీ సొంతంగా ఏం పని చేస్తుంది?"

"సొంతంగా ఏమీ చెయ్యదు."

"చెయ్యదు, చెయ్యనివ్వదు" అని బావ నవ్వాడు. జనవరి తరవాత బావ నవ్వడం ఇదే మొదలు. కుండీల వంక చూసి, "ఈలోపు ఇవి నీళ్లడిగితే?" అన్నాడు.

"మొక్కలు అడగవు బావా."

"ఆకు చుట్టుకుంటే అడిగినట్టే కదా."

నేను తూకం మిషన్ దగ్గరికి వెళ్లిపోయాను.

మార్చి 8

తూకాలు బాగున్నాయి. కుండీ సుమారు ఆరు కిలోలు. రోజుకి నూటయాభై గ్రాములు తగ్గుతోంది. అన్నీ ఒకేలా.

మార్చి 11

పిచ్చుకలు తగ్గడం లేదు.

తగ్గుతున్నాయి గానీ ఒక రోజు తగ్గి ఒక రోజు ఆగుతున్నాయి. మిగతావి నాలుగు రోజుల్లో ఆరు వందలు పోగొట్టుకుంటే ఇవి మూడు వందలే. నేను అనుకున్నది ఇదే కదా. నోళ్లు మూసుకున్న మొక్క నీళ్లు తక్కువ తాగుతుంది, కుండీ బరువు నిలుస్తుంది. ఆరేళ్లుగా కాగితం మీద గీసిన గీత ఇదే.

ఒక రోజు తగ్గి ఒక రోజు ఆగడం ఎందుకో మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

మార్చి 12

తూకం మిషన్ కింద బల్ల సమంగా లేదు. అట్టముక్క పెట్టాను.

మార్చి 14

మూడో పిచ్చుక కుండీ నిన్నటికన్నా ఇరవై గ్రాములు పెరిగింది. బల్ల తప్పు.

డిసెంబరులో ఒకసారి అక్క బరువు రెండు రోజుల్లో కిలోన్నర పెరిగింది. నేను బరువు మిషన్ పక్కన పోలీసులా నిలబడి, "నీళ్లు తాగకుండా బరువు పెరగదు. ఎవరిచ్చారు?" అన్నాను. అక్క, "ఏమోనే, గాలి మింగానేమో" అంది. బావ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడు. అవి కాళ్లకే ఉన్నాయి. నేను బావని పక్కకి పిలిచి అరగంట తిట్టాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఏమవుతుందో బొమ్మ గీసి మరీ చూపించాను. "ఇంక ఇవ్వను" అని ఒట్టేశాడు. తరవాత నిజంగానే ఇవ్వలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నాను.

ఇరవై గ్రాములు బల్ల తప్పే.

మార్చి 17

కాకి, కొంగ, చిలక ఆకులు పూర్తిగా చుట్టుకుని సూదుల్లా నిలబడ్డాయి. గువ్వ, గోరింక కొసలు మాడాయి. పిచ్చుకలు ఆరూ పచ్చగా, ఆకులు విప్పుకుని ఉన్నాయి. మేడమ్ వచ్చి గ్రీన్‌హౌస్‌లో చాలాసేపు నిలబడ్డారు. ఆవిడ మనుషుల్ని మెచ్చుకోరు, టీ తెప్పిస్తారు. ఈ రోజు తెప్పించారు. బావకి కూడా.

బావ టీ తాగుతూ కాకుల వంక చూస్తూ నిలబడ్డాడు. "ఇవి పోతాయా?" అన్నాడు.

"పోతాయి బావా. పోవాలి. లేకపోతే తేడా ఎలా తెలుస్తుంది."

మార్చి 18

ఒంట్లో బాగాలేదు. సెలవు పెట్టలేదు.

మార్చి 20

పదిహేనో తారీఖున కోసి పంపిన ఆకుల రిపోర్టు వచ్చింది. ఏ ఆకులో ఏ చీటీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే యంత్రం కింది అంతస్తులో ఉంది. దాని దగ్గర పనిచేసే ఆవిడ ఫోన్ చెయ్యలేదు, కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పుల మనిషి.

"ఈ పిచ్చుకలేంటండీ ఇలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయి?"

"మీరు తగ్గించిన చీటీ తగ్గింది, బాగానే ఉంది. మరి పెరగాల్సింది పెరగలేదే? నీళ్లు లేనప్పుడు ఎదుగుదల ఆపే చీటీ ఉంటుంది కదా, అది మిగతా ఐదింట్లోనూ నాలుగింతలైంది. పిచ్చుకల్లో ఉన్న చోటే ఉంది. వీటికసలు దాహం వేసినట్టే లేదండీ."

"నీళ్లు దాచుకుంటున్నాయి కదా, అందుకని వెయ్యలేదేమో."

ఆవిడ నా మొహంలోకి చూసి, "మీకు తెలియనిదేముంది" అంది. తెలుగులో ఆ మాటకి రెండర్థాలున్నాయి. ఆవిడ ఏ అర్థంలో అందో నేను అడగలేదు.

మార్చి 21

నీళ్లు దాచుకున్న మొక్కకి దాహం ఆలస్యంగా వేస్తుంది. సరిపోయింది. ఇందులో తప్పేమీ లేదు. రెండుసార్లు రాసి చూసుకున్నాను.

మార్చి 24

నిన్నటికి పద్దెనిమిది రోజులు. ఈ రోజు మీటింగు. మేడమ్ కవరు చించి కాగితం చదివారు. పిచ్చుక అంటే పాత నంబర్లలో నా ఏడో రకం, చీటీ అన్నిటికన్నా బాగా తగ్గినది, ఆరేళ్లలో నాలుగేళ్లు నేను దాని వెనకే తిరిగాను. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ అన్నారు: "పేరు కూడా బాగుంది. రైతులకి నంబర్లు గుర్తుండవు. పిచ్చుక వరి అనే ఇద్దాం."

నలభై సంచుల మీద పేరు బావ చేత రాయించమన్నారు. అతని రాత చూడముచ్చటగా ఉందట.

సాయంత్రం బావకి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. చేతిలో పార కింద పెట్టేసి, "ఊళ్లకి పంపుతారా? నీళ్లు లేని చోటికి?" అన్నాడు.

"అందుకే కదా చేసింది."

"అక్కడ వాటికి ఎవరు..." అని ఆగిపోయాడు.

నేను వినలేదు. వినలేదనే అనుకున్నాను.

మార్చి 26

కళ్లజోడు గ్రీన్‌హౌస్‌లో మరిచిపోయి వెనక్కి వెళ్లాను. ఐదున్నర దాటింది. మీటింగు అయిపోయినా, పూర్తిగా ఎండేదాకా చూద్దామని కుండీలు అలాగే ఉంచాం. అందరూ వెళ్లిపోయారు. తలుపు తీసే ఉంది.

బావ కుళాయి దగ్గర నిలబడి అక్క స్టీలు గ్లాసుతో నీళ్లు పడుతున్నాడు. దాని అంచు కిందగా ఎర్ర గోళ్లరంగుతో ఒక గీత ఉంటుంది. ఆ గీత గీసింది నేను. అక్కడికి నింపితే సరిగ్గా నూటయాభై.

కుళాయి కట్టేశాడు. గీత దగ్గర చూసుకున్నాడు, కాస్త ఎక్కువైతే ఒంపేశాడు. అంత జాగ్రత్త. పోయి నాలుగో పిచ్చుక మొదట్లో పోశాడు, గుక్కెడు గుక్కెడు. మళ్లీ వచ్చి పట్టుకున్నాడు. ఆరు కుండీలకీ ఆరుసార్లు. నేను మట్టి సంచుల పక్కన నిలబడి ఆరుసార్లూ చూశాను. ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకు తెలీదు.

చివరికి నన్ను చూశాడు. దాచడానికి చూడలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"మూడో రోజు నుంచీ. రోజు మార్చి రోజు."

"ఎందుకు బావా?"

"నువ్వే కదా ఆ పేరు రాయించావు." మెల్లగా అన్నాడు, తప్పు నామీద తోసేసినట్టు కూడా లేదు. "ఆరుసార్లు రాశానమ్మాయ్, నా చేత్తో. ఆ పేరు పెట్టుకుని అవి నీళ్లు లేకుండా నా కళ్ల ముందు నిలబడితే నేను చూడలేకపోయాను. మిగతావాటికి పొయ్యలేదు. మీ పని పాడవుతుందని పొయ్యలేదు."

అతను అనుకున్నది అదీ. ఆరు కుండీలే కదా, ముప్ఫై మిగిలాయి కదా అని.

"దీనివల్ల ఏమవుతుందో తెలుసా?"

"మొన్న సంచులు రాయమన్నప్పుడు తెలిసింది." గ్లాసు తుడిచి టిఫిను సంచిలో పెట్టుకున్నాడు. "చెబుదామనే ఉంది. నీ ఉద్యోగం పోతుందేమోనని ఆగాను."

ఇద్దరం ఒకే బస్సులో ఇంటికి వచ్చాం. అతను కింది వాటాలోకి, నేను పై వాటాలోకి.

మార్చి 27

ఏమీ రాయాలని లేదు.

మార్చి 29

ఒకటి, చీటీ తగ్గడం నిజం, యంత్రం చెప్పింది. రెండు, నీళ్లు రోజు మార్చి రోజే పోశాడు, ఆ కాసిని నీళ్లతో నిలబడ్డమూ గొప్పే. మూడు, పొలంలో వేరు లోతుకి పోతుంది, కుండీతో పోలికేముంది. నాలుగు, నేను చెబితే ముందు బావ పని పోతుంది, అతనికి ఇంకేం మిగిలింది.

నాలుగూ రాసి చదువుకుంటే ఎవరో తెలివైన దొంగ రాసినట్టుంది.

ఇంకొకటి. చీట్లు తీశానని మొదటి రోజు రాశాను. ఐదింటికే తీశాను. ఏడో రకానికి పిచ్చుక అని ముందే పక్కన పెట్టేశాను. అది బతకాలని. బావ చేసింది కూడా అదే కదా, అతను నీళ్లతో చేశాడు, నేను పేరుతో చేశాను.

ఏప్రిల్ 1

నలభై మందిలో ఒకావిడ విత్తనం గురించి కనుక్కోవడానికి వచ్చింది. మెట్ట రైతు. రెండు బస్సులు మారిందట. చెప్పులు బయట విడిచి ల్యాబ్‌లోకి వచ్చింది, వద్దన్నా వినలేదు.

"పద్దెనిమిది రోజులు నిలుస్తుందంట కదమ్మా?"

"చూడాలండీ."

"నిలిస్తే బోరు మాట వదిలేద్దామని. అప్పు చేసి వేయించడమెందుకు, ఈ గింజే ఉందిగా అంటున్నాడు మా ఆయన. మీరొక్క మాట చెబితే పోయి చెప్పేస్తాను."

నేను తల వంచుకుని తూకాల కాగితాలు సర్దాను. ఆవిడ నేను పనిలో ఉన్నాననుకుని, "మళ్లీ వస్తాలే తల్లీ" అని చెప్పులేసుకుని వెళ్లింది. నేను కిటికీలోంచి ఆవిడ గేటు దాటేదాకా చూశాను. ఆవిడ మొహం గుర్తులేదు. చేతిలో మంచినీళ్ల సీసా ఉంది, సగం ఖాళీ.

ఏప్రిల్ 2

మేడమ్‌కి చెప్పాను.

ముందు బరువుల కాగితం పెట్టాను. తరవాత చీటీల రిపోర్టు. అప్పుడు చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోమనలేదు, అలాగని పొమ్మనలేదు.

"ఎవరు పోశారు?"

"ఎవరన్నది అనవసరం మేడమ్. ఏ కుండీకి పొయ్యాలో తెలిసేలా పేరు పెట్టింది నేను."

"పద్దెనిమిది రోజులు అని పైవాళ్లకి చెప్పేశాను, తెలుసా?"

"తెలుసు."

"ఇరవై గ్రాములు పెరిగినప్పుడే మీకు తెలియలేదా?"

ఈ ప్రశ్నకే నేను మూడు వారాలుగా భయపడుతున్నాను. "బల్ల కింద అట్టముక్క పెట్టాను మేడమ్" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నారు. సంచులు ఆపించమని ఫోన్ చేశారు. వెనక షెడ్డులో చిన్న మొక్కలు ఇంకో విడత ఉన్నాయి, వాటి మీద మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఈసారి అంకెలే. ఏ అంకె ఏ రకమో నాకు కూడా తెలియకూడదు. తాళం ఆవిడ దగ్గరే.

టీ తెప్పించలేదు.

ఏప్రిల్ 3

బావ తనంతట తానే పోయి మేడమ్‌కి గ్రీన్‌హౌస్ తాళంచెవి ఇచ్చేశాడట. "పోసింది నేను, మా మరదలికి తెలీదు" అన్నాడట. రెండో సగం మార్చి 26 వరకు నిజం. ఆ తరవాతి వారం నాది.

ఏప్రిల్ 25

నీళ్లు ఆపాం. ముప్ఫై ఆరు కుండీలు. అంకెలు మిషన్ మీద అచ్చు వేసినవి, అందం లేదు.

బావ ఇంట్లోనే ఉంటున్నాడు. కింది వాటా తలుపు మీద సున్నం గీకి, ఎప్పుడో తను రాసిన ఇంటి నంబరు బయటికి తీస్తున్నాడు. రోజుకి కొంచెం.

మే 4

తొమ్మిదో రోజు. ముప్ఫై కుండీల్లో ఆకులు చుట్టుకున్నాయి. అన్నీ రోజుకి నూటయాభై, నూటయాభై. ఏదీ ఆగలేదు, ఏదీ పెరగలేదు.

మే 6

నాలుగో అంకె కుండీలు ఆరూ ఈ రోజు చుట్టుకున్నాయి. మిగతావాటి కంటే రెండు రోజులు ఆలస్యం. మేడమ్ కవరు తియ్యలేదు. తియ్యక్కర్లేదు.

ఇదీ నా ఆరేళ్ల పని. రెండు రోజులు.

మే 13

పద్దెనిమిదో రోజు. అన్నీ గడ్డిలా ఉన్నాయి. ఈ రోజు మళ్లీ నీళ్లు పెట్టి, వారం తరవాత ఎన్ని లేస్తాయో లెక్కపెట్టాలి. పద్ధతి ప్రకారం.

నిన్న సాయంత్రం మేడమ్ బ్యాగు సర్దుకుంటూ, నా వంక చూడకుండానే, "రేపు మీ బావగారిని రమ్మనండి. రేపు పొయ్యొచ్చు" అన్నారు.

బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. టిఫిను సంచిలోంచి గ్లాసు తీశాడు. నేను వద్దనలేదు. కుండీకి ఎంత పొయ్యాలో రాసుకున్నది ఉంది, దానికి ఆరు గ్లాసులవుతుంది.

"వీటిలో మీ అక్కదేది?" అన్నాడు.

"నాకూ తెలీదు బావా." అబద్ధం. కానీ ఆ అబద్ధం ఆడినందుకు నాకు బాధ లేదు.

అతను మొదటి కుండీ నుంచి చివరి కుండీ వరకు ఒక్కొక్కదానికీ ఆరేసి గ్లాసులు పోసుకుంటూ వెళ్లాడు. రెండొందల పదహారు గ్లాసులు. మధ్యలో నడుం పట్టుకుని నిలబడ్డాడు గానీ పైపు అడగలేదు.

మే 20

మామూలు వరిలో ఒక్కటీ లేవలేదు. నా రకంలో ఆరింటికి రెండు పిలకలేశాయి. మేడమ్ కాగితం మీద రాసి కింద గీత గీశారు. "తక్కువే. కానీ ఇది నిజం" అన్నారు. పోస్టు పొడిగింపు రాలేదని కూడా ఆ ఊపులోనే చెప్పేశారు. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండడం నాకు అలవాటు లేదు.

మెట్ట రైతు ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. పద్దెనిమిది కాదు, రెండు రోజులే, బోరు మాట వదలొద్దు అని. ఆవిడ, "రెండు రోజులైనా తక్కువేం కాదు తల్లీ. ఒక్కోసారి వాన అంతే ఆలస్యంగా వస్తుంది" అంది. నన్ను ఓదార్చడానికి అన్నట్టుంది. ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

మే 31

బల్ల ఖాళీ చేశాను. ఒక అట్టపెట్టె సరిపోయింది. బతికిన రెండు కుండీల్లో ఒకటి మేడమ్ ఇంటికి పట్టుకుపొమ్మన్నారు. కింది వాటా గుమ్మంలో పెట్టాను.

పెట్టెలోంచి ఈ పుస్తకం తీస్తుంటే అరవై పేజీలకి వేసిన రబ్బరు బ్యాండు ఎండిపోయి తెగిపోయింది. బావ పక్కనే ఉన్నాడు. ఆఖరి పేజీ తీశాను. లెక్క ఎక్కడా తప్పలేదని మొదట్లో రాశాను కదా.

జనవరి 19. రోజుకి ఐదు గ్లాసులు, ఐదు గడులు. నాలుగు గడుల్లో టిక్కులున్నాయి. ఐదోది ఖాళీ.

నాలుగు గంటలకి అక్క, "ఒక్క గుక్కే" అంది. మాత్రలకి ఉంచాలి అన్నాను. మళ్లీ అడిగింది. ఈసారి నన్ను కాదు, బావని అడిగింది. బావ గీత దాకా నింపుకుని మంచం దగ్గరికి వచ్చాడు. నేను అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని అలమరలో పెట్టి, మీద పళ్లెం మూత పెట్టాను. అక్క అలమర వంక చూస్తూ పడుకుంది. ఆరు గంటలకి పోయింది. ఆ గ్లాసు ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా ఉండేది కాదని డాక్టరుగారు తరవాత చెప్పారు. ఓదార్పుగానే చెప్పారు.

"ఆ నీళ్లు ఏం చేశావు బావా?" అన్నాను. నాలుగు నెలల తరవాత.

"మర్నాడు నేనే తాగేశాను. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు."

కిందికి వెళ్లి కుండీకి నీళ్లు పెట్టి వస్తానని లేచాడు. మెట్ల మీద అతని అడుగులు వినిపిస్తున్నాయి.

ఐదో గడిలో "ఇవ్వలేదు" అని రాశాను. చదువుకున్నాను. కొట్టేశాను. దాని కింద సరిగ్గా రాశాను.

ఇవ్వనివ్వలేదు.